గాలి వైపు సీలు

కాశిబుగ్గ, వరంగల్
14-3-1985, గురువారం

బామ్మర్ది భాస్కర్‌కు,

సోమవారం, 11వ తేదీ, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మా కంప్రెషర్ బండి ఇంజను డీజిల్ బంద్ చేసినా ఆగలేదు. దాన్ని ఆపబోయి కట్టయ్య కుడిచేతి నాలుగు వేళ్ళు పోగొట్టుకున్నాడు. బతికే ఉన్నాడు, పెద్ద దవాఖానలో ఉన్నాడు. నాకేమీ కాలేదు. ఇది ముందే రాయకపోతే నువ్వు కింది వరుసలు చదవకుండా రైలెక్కుతావు.

నెక్కొండ దగ్గర ఒక మిరపచేనులో బోరు వేస్తున్నాం. నూట ఎనభై అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. రైతు కొబ్బరికాయ కొట్టాడు. నేను డీజిల్ లివర్ కిందికి దించాను. చప్పుడు తగ్గాలి, తగ్గలేదు, పెరిగింది. నీలం పొగ చేను మీద పరుచుకుంది. డీజిల్ పైపు విప్పేశాం. పైపులోంచి చుక్క పోవడం లేదు, ఇంజను మాత్రం ఇంకా జోరుగా తిరుగుతోంది. బండి కింద నేల అదిరింది. కట్టయ్య గాలి గొట్టం ఊడబీకి, టర్బో నోట్లో గోనెసంచి కుక్కాడు. సంచితో పాటు చెయ్యి లోపలికి పోయింది. ఇంజను ఆగింది.

నిన్న చూడ్డానికి వెళ్ళాను. "నేనేం సంతకం జేసేటోన్నా? బొటనేలున్నది, సాలు" అన్నాడు. అతని భార్య లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆయన ఇంజను ఆపరేటరు, నేను సహాయకుణ్ణి. ఇప్పుడు ఆయన జాగాలో నేను. రామలింగం సేటు టర్బోకు కొత్త చక్రం వేయించి వచ్చే వారం బండి కదలాలంటున్నాడు. మెకానిక్ "సీలు పోయింది, కొత్తది ఏసిన" అంటున్నాడు. పోయిన సీలు కూడా నవంబరులో కొత్తగా వేసిందే. డీజిల్ లేకుండా ఇంజను దేని మీద నడిచింది? అంతకంటే మంచి సీలు ఎక్కడైనా దొరుకుతుందా? నువ్వు భీవండిలో లారీ ఇంజన్ల మధ్యే ఉంటావు కాబట్టి అడుగుతున్నాను.

మీ అక్క సుగుణకు కట్టయ్య చెయ్యి డ్రిల్లు రాడ్డు కింద పడిందని చెప్పాను. జవాబు ఇంటికి రాయకు. స్టేషన్ రోడ్డులో సేటు దుకాణానికి రాయి.

నీ బావ,
వెంకట్రాజం


భీవండి
21-3-1985

బావా,

నీ ఉత్తరం మొన్న అందింది. మా మేస్త్రీకి చదివి హిందీలో చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నాడు. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "ఆ ఇంజను ఇంకా నడుపుతున్నారా?" అని అడిగాడు. నేనూ అదే అడుగుతున్నాను.

నీ ప్రశ్నకు జవాబు ఇది. టర్బోలో ఒక ఇరుసు, రెండు చక్రాలు. పొగ వెళుతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న చక్రం గాలిని ఇంజనులోకి తోస్తుంది. ఇరుసుకు ఆయిల్ కావాలి. ఆ ఆయిల్ బయటికి రాకుండా రెండు కొసలా సీళ్ళు ఉంటాయి. గాలి వైపు సీలు పోతే ఆయిల్ గాలితో కలిసి ఇంజనులోకి పోతుంది. ఇంజనుకు డీజిల్ అయినా ఆయిల్ అయినా ఒకటే, కాలుస్తుంది. ఎంత జోరుగా తిరిగితే అంత ఆయిల్ పీలుస్తుంది, ఎంత పీలిస్తే అంత జోరు. ఆయిల్ అయిపోయి ఇంజను పగిలేదాకా ఆగదు. పగిలితే ముక్కలు ఎటు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. ఆపడానికి ఒకటే దారి, గాలి మూయడం. కట్టయ్య చేసింది సరైన పనే, చేత్తో చేశాడు, అంతే తేడా.

ఇనుప పలక ఒకటి చేయించు. మూడడుగుల పిడి పెట్టించు. అది ఎప్పుడూ గాలి గొట్టం పక్కనే ఉండాలి.

ఇంజను అట్లా అరుస్తుంటే నువ్వు లివర్ దగ్గరే ఉన్నావన్నమాట. మా అక్క పెళ్ళిలో పటాకులు పేలితే పందిరి గుంజ వెనక దాక్కున్న పెళ్ళికొడుకువి, ఇంత ధైర్యం ఎప్పుడు వచ్చింది?

మీవాళ్ళు వేసేది ఇనుప రింగు సీలు. ఇంకొక రకం ఉందని మేస్త్రీ అంటున్నాడు. వెతుకుతాను. టర్బో మీద ఇత్తడి రేకు ఉంటుంది, దాని మీది నంబరు పంపు.

అక్కకు తెలియకూడదన్నావు కాబట్టి ఆమెకు ఈసారి విడిగా ఏమీ రాయడం లేదు.

భాస్కర్


కాశిబుగ్గ
2-4-1985

భాస్కర్,

అక్కకు తెలియకూడదని రాసిన ఉత్తరం మీద ఇంటి చిరునామా రాశావు. పోస్ట్‌మాన్ ఆమె చేతికే ఇచ్చాడు. నేను వచ్చేసరికి ఉత్తరం రోటి మీద ఉంది, మీద పొత్రం పెట్టి ఉంది.

"కట్టయ్య చెయ్యి రాడ్డు కింద పడ్డదన్నవు గద?" అంది.

"ఔ."

"రాడ్డు గాలి పీలుస్తదా?"

నేను చెంబు అందుకుని పెరట్లోకి తిరిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఫికర్ జేస్తవని."

"ఇప్పుడు జేస్తలేనా?"

అప్పటి నుంచి పొద్దున బయల్దేరేటప్పుడు ఒకటే మాట అడుగుతుంది, "పలక పెట్టుకున్నవా?" పెట్టుకున్నాను. కాజీపేటలో ఒక వెల్డింగ్ ఆయన చేశాడు. బరువుగా ఉంది.

బండి 25 నుంచి నడుస్తోంది. లివర్ దించాక ఇంజను ఎంతసేపటికి ఆగుతుందో లెక్కపెడుతున్నాను. మామూలుగా నాలుగు లెక్కపెట్టేసరికి ఆగాలి. 25న నాలుగు. 26న ఐదు. 27న పదకొండు. సేటుకు చెప్పాను. "ఇంజను ఆగకుంటె నష్టమేందిర? ఆగితెనే గద నష్టం. బోర్లకు జనం లైను కట్టిండ్రు" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు.

ఇత్తడి రేకు మీది నంబరు ఈ కాగితం వెనక రాశాను. కొలత కోసం పాత రింగును ఆయిల్‌లో ముంచి నంబరు పక్కనే ముద్ర వేశాను.

ఇక దాచడానికి ఏమీ లేదు. ఉత్తరాలూ సామానూ ఇంటికే పంపు. పటాకుల సంగతి మళ్ళీ ఎత్తకు.

వెంకట్రాజం


భీవండి
12-4-1985

బావా,

చిరునామా తప్పు నాది. చెయ్యి అలవాటు కొద్దీ రాసింది. ఒప్పుకుంటున్నాను.

నీ రింగు ముద్ర దారిలో పాకి పూరీ అంత అయింది. అక్షరాలు కూడా సగం నానాయి. నంబరు మాత్రం దక్కింది, దాంతోనే పని జరిగింది.

మూడు ఆదివారాలు బొంబాయికి పోయి కుర్లా పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాను. మేస్త్రీ చెప్పిన రకం దొరికింది. ఇది రింగు కాదు. నల్లటి కార్బన్ బిళ్ళ, నడుమ రంధ్రం. లోపల చిన్న స్ప్రింగు దాన్ని ఎప్పుడూ ఇరుసు అంచుకు నొక్కి పట్టుకుంటుంది. ఇనుప రింగు సందు వదులుతుంది, ఇది వదలదు. మట్టి తవ్వే పెద్ద యంత్రాలకు వేస్తారట. వెనక పళ్ళెంతో సహా తీసుకున్నాను, మీ టర్బోకు పళ్ళెం మార్చి బిగిస్తే సరిపోతుంది. మేస్త్రీ కొలిచి చూశాడు.

నిన్న రిజిస్టర్ పార్సెల్ చేశాను. చిన్న టిన్ను డబ్బాలో ఉంది. ఈ సంగతి జాగ్రత్తగా చదువు. నల్ల బిళ్ళ ముఖం అద్దంలా ఉంటుంది. దాని పనంతా ఆ ముఖంతోనే. దాన్ని వేలితో తాకవద్దు. గ్రీజు వద్దు, గుడ్డ వద్దు, గాసునూనెతో కడగవద్దు. బిగించేటప్పుడు శుభ్రమైన ఇంజను ఆయిల్ ఒక్క చుక్క, అంతే.

ఇంకొక మాట. ఆ పని వదిలి ఇక్కడికి రా. మా వర్క్‌షాపులో చోటు ఉంది. అక్క కూడా వస్తుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

భాస్కర్


కాశిబుగ్గ
29-4-1985

భాస్కర్,

26వ తేదీ, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటలకు ఇంజను డీజిల్ బంద్ చేశాక పందొమ్మిది లెక్కపెట్టేదాకా ఆగలేదు. దానిలో నీ సీలే ఉంది.

24న బిగించాం. నేనే దగ్గరుండి చేయించాను. నువ్వు రాసినట్టే, ముఖాన్ని ఎవరూ ముట్టలేదు. ఆ రోజు నాలుగు, 25న నాలుగు. నేను సుగుణతో నవ్వుతూ మాట్లాడాను. శుక్రవారం మధ్యాహ్నం నుంచి నీలం పొగ మొదలయింది. సాయంత్రం పందొమ్మిది. పలక నా చేతిలోనే ఉంది. గాలి గొట్టం నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. నేను ఒక్క అడుగు కూడా వేయలేదు. ఇంజను దానంతట అదే ఆగింది. ఆగి ఉండకపోతే ఏమయ్యేదో నీకు రాయక్కర్లేదు.

పాత ఇనుము దుకాణంలో నిన్ను ఎవడో మోసం చేశాడు. వాడిన సీలు రుద్ది మెరిపించి అంటగట్టి ఉంటాడు. తెలియకపోతే తెలియదని రాయాల్సింది. నీ మాట నమ్మి నేను ఇంజను పక్కన నిలబడ్డాను.

ఇంకో సంగతి కూడా రాస్తాను, ఎలాగూ రాస్తున్నాను కాబట్టి. మార్చి 11న నేను లివర్ దించాను, అంతవరకు నిజం. డీజిల్ పైపు విప్పింది కట్టయ్య. గొట్టం పీకింది కట్టయ్య. ఇంజను అరవడం మొదలవగానే నేను ఉరికాను. చప్పుడు ఆగాక తిరిగి చూస్తే మిరపచేను అవతలి గట్టు మీద ఉన్నాను. వచ్చేసరికి ఆయన చెయ్యి కడుపుకు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. "ఆగిందా?" అని నన్నే అడిగాడు. నేను ఉరికినట్టు ఆయన ఎవరికీ చెప్పలేదు. అందుకే పటాకుల మాట ఎత్తవద్దన్నాను. అందుకే నీ వర్క్‌షాపుకు కూడా రాను. అక్కడికి వస్తే అది రెండోసారి ఉరికినట్టు.

జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాను. సేటు వేరే ఆపరేటరును పిలిపిస్తున్నాడు.

వెంకట్రాజం


భీవండి
6-5-1985

బావా,

సీలు కొత్తది. డబ్బా మూత నా ముందే తెరిచారు. మేస్త్రీ భూతద్దం పెట్టి ముఖం చూశాడు, గీత లేదు. నాకు తెలియనిది నీకు పంపలేదు. నువ్వు రాసిన మాటకు రెండు రోజులు పనిలో మనసు పెట్టలేకపోయాను. అది అక్కడితో సరి.

ఉరికిన సంగతి మేస్త్రీకి చెప్పాను, చెప్పకూడదేమో. ఆయన ఉద్యోగంలో అదుపు తప్పిన ఇంజన్లు రెండు చూశాడట. "రెండుసార్లూ ఉరికాను, అందుకే ఈ మేస్త్రీ పనిలో ఉన్నాను" అన్నాడు. నేను ఒక్కటీ చూడలేదు. చూస్తే ఏం చేస్తానో తెలియదు. గుంజ వెనక దాక్కున్నావని ఇక అనను.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఇంజను స్టార్ట్ చేయనివ్వకు. టర్బో విప్పించు. నల్ల ముఖాన్ని మంచి భూతద్దంతో చూడు. గుండ్రంగా సన్న గీతలు ఉంటే ఏదో గరుకు మధ్యలో పడిందని అర్థం. అది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలి. లేకపోతే ఎన్ని సీళ్ళు మార్చినా ఇంతే. పార్సెల్ వచ్చిన దగ్గర నుంచి బిగించేదాకా ఎవరెవరి చేతులు మారిందో రాయి.

అలాంటి సీళ్ళు రెండు కొన్నాను. రెండోది నా పెట్టెలో ఉంది. నీకు కారణం తెలిసేదాకా పంపను.

భాస్కర్


కాశిబుగ్గ
13-5-1985

భాస్కర్,

కారణం తెలిసింది. నీ తప్పు లేదు. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

సేటు పిలిపించిన ఆపరేటరు అరగంట నడిపి, బంద్ చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని బస్‌స్టాండ్ వైపు వెళ్ళిపోయాడు. సేటుకు ఏమీ చెప్పలేదట. ఆ తర్వాతే సేటు టర్బో విప్పడానికి ఒప్పుకున్నాడు. నీ ఉత్తరం మర్నాడు అందింది.

చౌరస్తాలో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర కంటి అద్దం పెట్టుకుని చూశాను. నువ్వు చెప్పినట్టే గుండ్రంగా గీతలు ఉన్నాయి. గీతలు రెండు మచ్చల దగ్గర మొదలయ్యాయి. ఎర్రటి మచ్చలు. మొదట కారమనుకున్నాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజను, మా వాడలో అందరి బట్టలకూ కారమే. పుల్ల కొసతో కొంచెం గీకి నాలుకకు పెట్టి చూశాను. కారం లేదు.

డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్ళాను. సుగుణ మార్కెట్లో మిరప తొడిమలు తీసి అప్పుడే వచ్చింది, చేతులు కడుక్కుంటోంది.

"ఈ డబ్బా నాకంటె ముందు ఎవరన్న ఇప్పిండ్రా?"

"నేనే ఇప్పిన."

"ఎందుకు?"

"కొత్త సామాను గద. పసుపు, బొట్టు పెట్టకుండ ఇస్తమా? దసరకు బండికి పెడ్తె ఏమనవు. ఇంజన్లకు వొయ్యేదానికి పెట్టొద్దా?"

పార్సెల్ వచ్చిన రోజు నేను క్యాంపులో ఉన్నాను. ముఖం తాకవద్దన్న నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అది చదివి ఆమె కొంగుతో తుడిచి, మళ్ళీ అట్లాగే చుట్టి పెట్టింది.

"అప్పుడన్న చెప్పొచ్చు గద?"

"చెప్తె అది పనికిరాదని పారేసి, మల్ల ఆ పాత సీలే ఏస్తరేమోనని బుగులైంది. తుడిస్తె పోయిందనుకున్న." మళ్ళీ అడిగింది, "నా వల్లనేనా ఆగలేదు అది?"

"ఎవరికేం గాలే గద" అన్నాను. ఆమె కడిగిన చేతులు మళ్ళీ కడిగింది.

మూడు అబద్ధాలు లెక్కకొచ్చాయి. నేను ఆమెకు ఒకటి, నీకు ఒకటి, ఆమె నాకు ఒకటి. మూడూ భయంతో చెప్పినవే.

సేటు 24వ తేదీ శుక్రవారం దాకా గడువు ఇచ్చాడు. ఆ రోజు నెక్కొండ రోడ్డు మీద తన తోటలోనే ఇంజను నడిపి చూస్తాడు. బాగుంటే బండి నడిపే పని నాది, లేకపోతే పాత ఇనుముకు అమ్ముతాడు, నా పనీ పోతుంది. రెండో సీలు పంపు. పలక నేనే పట్టుకుంటాను. ఈసారి ఉరకను అని రాయలేను. నిలబడతాను అని మాత్రం అనుకుంటున్నాను. దవాఖాన నుంచి వచ్చాక కట్టయ్య "నేనొచ్చి ఎడమ చేత్తోటి పలక పడ్త తియ్" అన్నాడు. రావద్దని బతిమాలి వచ్చాను. సుగుణ వస్తానంటోంది. వద్దంటే వినడం లేదు.

వెంకట్రాజం


భీవండి
18-5-1985, శనివారం

బావా,

సీలు పోస్టులో వేయను. నా జేబులో పెట్టుకుని తెస్తాను.

అక్కకు చెప్పు, తప్పు నాది. ముఖం తాకవద్దన్న చీటీ డబ్బాలోనే పెట్టాల్సింది. మన ఇళ్ళలో కొత్త సామాను బొట్టు లేకుండా గడప దాటదని నాకు తెలియదా? భీవండిలో మనవాళ్ళు మగ్గానికి కొత్త పట్టీ వేసినా పెడతారు. ఈసారి పెట్టాలంటే బండి ముందు అద్దానికి పెట్టమను, ఎంత పెద్దదైనా సరే.

పలక అక్కర్లేదు. నేనూ మేస్త్రీ కలిసి గాలి గొట్టంలో బిగించే మూత ఒకటి చేశాం. స్ప్రింగు ఉంది. తీగె లాగితే మూత పడుతుంది, గాలి బంద్ అవుతుంది. తీగె పొడుగు పదిహేను అడుగులు. నువ్వు పదిహేను అడుగుల లోపల ఉంటే చాలు, గట్టు దాకా పోతే మాత్రం అందదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఈ మూతను మామూలుగా నడిచే లారీ ఇంజను మీద ఎనిమిదిసార్లు చూశాం, ఎనిమిదిసార్లూ ఆపింది. అదుపు తప్పిన ఇంజను మీద చూడలేదు. అలాంటి ఇంజను గాలిని పీల్చే బలానికి తీగె తట్టుకుంటుందని మేస్త్రీ అంటున్నాడు. తట్టుకుంటుందా అని మళ్ళీ అడిగితే, పోయి చూసిరా అన్నాడు.

నాకూ భయంగానే ఉంది. ఇది అక్కకు చెప్పినా ఫరవాలేదు.

మంగళవారం బయల్దేరుతున్నాను. సికింద్రాబాదులో బండి మారి గురువారం సాయంత్రం కాజీపేటలో దిగుతాను. ఈ ఉత్తరానికి జవాబు రాయకు, నాకు అందదు. శుక్రవారం ఉదయం ఆరు గంటలకు సేటు తోటలో సీలు, మూత బిగించడం మొదలుపెడతాం. పది గంటలకు ఇంజను స్టార్ట్. గంటసేపు లోడు మీద నడుపుతాం. అక్క, సేటు రోడ్డు అవతల ఉండాలి, కట్టయ్య వస్తే ఆయన కూడా. నేను లివర్ దగ్గర ఉంటాను. తీగె నీ చేతిలో ఉంటుంది. సరిగ్గా పదకొండు గంటలకు డీజిల్ బంద్ చేస్తాను.

నీ బామ్మర్ది,
భాస్కర్